చెన్నైలో ఉంటూ సొంత ఊరి మార్పును రాసి ఉంచడం ఎలా

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, పెళ్లికో తిరునాళ్లకో ఊరికి వెళ్లి వచ్చినవారు “ఊరు పూర్తిగా మారిపోయింది” అనడం మామూలే. ఆ మాటలో నిజం ఉంటుంది గాని సమాచారం ఉండదు, ఎందుకంటే ఊరంతా ఒకేలా మారదు. వరి పండే పొలాలు రొయ్యల గుంటలైనప్పుడు వాటిని గుత్తకిచ్చిన ఇంటికి ఒక ఫలితం, ఆ పొలాల్లో నాట్లు వేసి బతికిన ఇంటికి మరో ఫలితం కలుగుతాయి. కాబట్టి మార్పు వచ్చిపడినప్పుడు ఏ ఇల్లు ఏ నిర్ణయం తీసుకుంది, ఆ నిర్ణయం కోసం ఏమి వదులుకుంది అన్నదే రాయవలసిన విషయం.

ఈ పనికి మద్రాసులోనే మంచి పూర్వాచారం ఉంది. 1916లో మద్రాసు విశ్వవిద్యాలయ అర్థశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి, సెలవుల్లో వారి సొంత ఊళ్లనే పరిశీలించి రమ్మన్నాడు. ఆ నివేదికలు 1918లో అచ్చయ్యాయి. వాటిలో ఒకటైన దక్షిణ ఆర్కాటు ఇరువేల్పట్టు గ్రామాన్ని 1930ల్లో ఒకసారి, 1980ల తొలినాళ్లలో ఒకసారి, 2008లో మరోసారి వేర్వేరు పరిశోధకులు తిరిగి పరిశీలించారు. తొలి విద్యార్థులు భూమి, కూలి, అప్పు వంటి వాటిని లెక్కకు అందేలా రాసిపెట్టడం వల్లనే తర్వాతివారికి పోల్చి చూడడం సాధ్యమైంది. “ప్రజలు సుఖంగా ఉన్నారు” అని మాత్రమే రాసి ఉంటే ఆ కాగితం ఎవరికీ అక్కరకు వచ్చేది కాదు.

ఊరికి బయలుదేరే ముందు చేయవలసిన చదువు చాలావరకు చెన్నైలోనే పూర్తి చేసుకోవచ్చు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు పాలనలోనే ఉన్నందున, ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాల భాండాగారంలో ఆనాటి రెవెన్యూ బోర్డు కాగితాలున్నాయి. దగ్గరలోనే ఉన్న కన్నెమరా గ్రంథాలయంలో పాత జిల్లా మాన్యువళ్ల (జిల్లా వివరాల గ్రంథాల) కోసం అడిగి చూడండి. అయితే మీ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉండేదో ముందు తేల్చుకోకపోతే కాగితాల కట్టల్లో దారి తప్పుతారు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు దానిలో పెద్దభాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది. సత్యవేడు ప్రాంతపు ఊళ్లు 1960 ఏప్రిల్ 1న చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాకు వచ్చాయి, 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో చేరాయి. అక్కడి ఊరి గురించి రాసేవారు మూడు జిల్లాల పేర్లతో వెతకవలసి ఉంటుంది.

ఇటీవలి దశాబ్దాల కోసం జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు ఉపయోగపడతాయి. ఊరివారీగా జనాభా, అక్షరాస్యులు, సాగుదారులు, వ్యవసాయ కూలీల సంఖ్యలు వాటిలో ఉంటాయి, 2011 నాటివి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. సాగుదారుల సంఖ్య తగ్గి కూలీల సంఖ్య పెరిగిన దశాబ్దం ఏదో గుర్తిస్తే, ఊళ్లో ఏ కాలం గురించి ఎక్కువగా అడగాలో తెలుస్తుంది. ఇక భూమి విషయానికి వస్తే అడంగళ్లు (ఏ పొలంలో ఏ పంట, ఎవరి సాగు అని రాసే గ్రామ లెక్కలు), 1-బి (భూమి హక్కుల పత్రం) ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో చూడవచ్చు. పాత అడంగళ్ల మీద ఉండే ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ జులైలో మొదలైన సంవత్సరం వస్తుంది, అంటే ఫసలీ 1434 అన్నది 2024 జులైతో మొదలైనది.

అడంగల్ చెప్పేదాన్ని నమ్మవచ్చు గాని, అది చెప్పనిది ఎక్కువ. మన ఊళ్లలో కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. యజమాని చెన్నైలోనో బెంగళూరులోనో ఉండి, పొలం మరొకరు చేస్తున్నా, కాగితంలో యజమాని పేరే కనిపిస్తుంది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చినా, కౌలు కార్డు కోసం యజమాని సంతకం అవసరం కావడంతో చాలామంది దాని జోలికి పోలేదు. బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం ఎవరికి అందుతాయన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది కనుక, సర్వే నంబరు వారీగా “ఈ ఏడు దీన్ని చేస్తున్నది ఎవరు, కౌలు డబ్బా, గింజలా, పంట పోతే కౌలు తగ్గిస్తారా” అన్న మూడు ప్రశ్నలు తప్పక అడగండి. ఊరి ఆర్థిక జీవితంలో సగం ఈ మూడింటి జవాబుల్లోనే బయటపడుతుందని నా అభిప్రాయం.

ఇళ్ల ఎంపికలో తొందర పనికిరాదు. రచ్చబండ దగ్గర కూర్చున్న పెద్దలతో మాట్లాడి వస్తే, ఊరు తన గురించి తాను చెప్పుకోదలచిన కథ ఒక్కటే చేతికి వస్తుంది. చిన్న ఊరైతే అన్ని ఇళ్లూ తిరగండి, పెద్దదైతే వీధివారీగా జాబితా రాసుకుని ప్రతి పదో ఇంటికి వెళ్లండి. దళితవాడ, ఎస్టీ కాలనీ ఊరికి ఎడంగా ఉంటాయి కాబట్టి వాటికి వేరే రోజు కేటాయించాలి, ఊరి పెద్దను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లకూడదు. ఆయన పక్కన నిలబడి ఉంటే కూలి గురించీ అప్పు గురించీ ఎవరూ నిజం చెప్పరు. ఆడవాళ్లతో మాట్లాడే పని ఆడవాళ్లే చేయడం మేలు, కనుక అక్కనో మేనకోడలినో తోడు తీసుకువెళ్లండి. నాట్లు, కోతల రోజుల్లో పగలు ఇళ్ల దగ్గర ఎవరూ ఉండరు, దీపాలు పెట్టాక వెళ్లడం మంచిది.

“మీ జీవితం మెరుగైందా?” అని అడగవద్దు. దానికి మర్యాద కోసం ఒక జవాబు, బాధలో ఉంటే మరో జవాబు వస్తాయి. ఒక్కొక్క నిర్ణయాన్ని పట్టుకుని అడగండి. ఎద్దులను అమ్మింది ఎప్పుడు, ఆ డబ్బు దేనికి వాడారు, ఆ తర్వాత దుక్కి ఎవరి ట్రాక్టరుతో చేయించారు? జీతగాడిని మానిపించారా, అతనే మానేశాడా, అప్పటికి అతని బాకీ ఎంత? వేరుశెనగ మానేసి మామిడి పెట్టినప్పుడు, చెట్టు కాపుకు వచ్చేదాకా ఇల్లు దేనితో గడిచింది? చివరి ప్రశ్నకు వచ్చే జవాబుల్లో అత్తగారి నగలు, డ్వాక్రా అప్పు, కొడుకు చదువు మానేయడం వంటివి ఉంటాయి, ఏ గణాంకంలోనూ అవి దొరకవు. ఒక ఇల్లు ఏదైనా మార్పును వద్దనుకుంటే అదీ నిర్ణయమే. బోరు వేయించని రైతు, రొయ్యల గుంటలకు పొలం ఇవ్వని రైతు తమ కారణాలను సాధారణంగా చాలా స్పష్టంగా చెబుతారు, వినాలి.

సంవత్సరం అడిగితే చాలామందికి గుర్తుండదు. అందుకని అందరికీ తెలిసిన సంఘటనల పట్టిక ఒకటి చేతిలో ఉంచుకోండి: 1983లో రెండు రూపాయల కిలో బియ్యం, 1984లో కరణాలు, మునసబుల రద్దు, ఆ ఏడు నవంబరు తుపాను, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ, 2016లో పెద్ద నోట్ల రద్దు, 2020 లాక్‌డౌన్. “కరణం పోయిన తర్వాతా, ముందా?” అని అడిగితే సంవత్సరం దానంతట అదే దగ్గరికి వస్తుంది.

కూలిని రూపాయల్లో రాసి ఊరుకోకుండా, ఆ కూలితో ఆనాడు అంగట్లో ఎన్ని కిలోల బియ్యం వచ్చేవో రాయండి. రేషను ధర తీసుకుంటే లెక్క తప్పుతుంది. పాతకాలపు గింజల కూలి చెప్పినప్పుడు కొలత ఏదో కనుక్కోవాలి. నెల్లూరులో ‘పుట్టి’ అనే కొలత ధాన్యం అంటే 850 కిలోలు, పక్క జిల్లాలో ఆ లెక్క వేరుగా ఉండవచ్చు.

ఊరి కథలో కొంతభాగం మీరున్న నగరంలోనే ఉంది. ఇల్లంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవారు అని నిర్వచనం పెట్టుకున్నా, డబ్బు పంపేవారిని వేరే వరుసలో తప్పక రాయండి, లేకపోతే ఇంటి ఆదాయమే అర్థం కాదు. కోయంబేడు మార్కెట్లో మూటలు మోసే వ్యక్తినీ, కట్టడం పనుల దగ్గర రేకుల గుడిసెలో ఉండే దంపతులనూ, శ్రీసిటీలో ఫోన్లు బిగించే పనికి రోజూ కంపెనీ బస్సెక్కే అమ్మాయినీ అడగవలసిన ప్రశ్నలు వేరు. పని ఎవరి ద్వారా దొరికింది, మొదటి జీతం ఎవరి చేతికిచ్చారు, ఊళ్లో ఓటు, రేషను కార్డు ఉంచుకున్నారా, పెళ్లి మాటల్లో ఆ జీతం ప్రస్తావనకు వచ్చిందా? ఊళ్లో తండ్రి చెప్పిన మాటకూ ఇక్కడ కూతురు చెప్పిన మాటకూ పొంతన కుదరకపోతే రెండూ రాయాలి, మధ్యేమార్గంగా మూడోది కల్పించకూడదు.

మీ కుటుంబానికి ఊళ్లో భూమి ఉంటే, ఎవరి దగ్గర ఎంత ఉందో, దాన్ని ఎవరు చేస్తున్నారో మొదటి పుటలోనే చెప్పండి. మీ పొలం కౌలుకు చేసేవారిని మీరే ప్రశ్నించడం సరికాదు, ఆ ఇంటికి వేరొకరిని పంపాలి. పేర్లకు బదులు ఇంటికో సంఖ్య ఇచ్చి, పేర్ల జాబితాను విడిగా దాచండి. అయితే చిన్న ఊరిలో “ముగ్గురు కూతుళ్లున్న చాకలి ఇల్లు” అన్నా అందరూ గుర్తుపడతారు కనుక అటువంటి ఆనవాళ్లు కూడా తీసేయాలి.

రాసుకున్న పుస్తకాలను ఏ రోజువి ఆ రోజే ఫోటో తీసి, కనీసం రెండు చోట్ల భద్రపరచండి. 1948లో మైసూరు దగ్గరి పల్లెలో పరిశీలన చేసిన సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ క్షేత్ర వివరాలను విశ్లేషించి సిద్ధం చేసుకున్న కాగితాలు 1970లో అమెరికాలో దుండగులు పెట్టిన నిప్పులో కాలిపోయాయి, ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి పుస్తకం రాయవలసి వచ్చింది.

ముసాయిదా పూర్తయ్యాక ఊళ్లో రెండు చోట్ల, పెద్దవీధిలోనూ దళితవాడలోనూ, గట్టిగా చదివి వినిపించండి. లెక్క తప్పని చూపిస్తే దిద్దండి. ఉన్న కూలి వ్యత్యాసాన్నో అంటరానితనాన్నో తీసేయమని ఒత్తిడి చేస్తే మాత్రం తీయకుండా, ఆ అభ్యంతరాన్ని కూడా అదే పుట కింద చేర్చండి. పేర్లు లేని ప్రతిని ఊరి ఉన్నత పాఠశాలలో ఒకటి, పంచాయతీ కార్యాలయంలో ఒకటి ఇచ్చి, ప్రశ్నావళిని కూడా వాటికి జతచేయండి, పదేళ్ల తర్వాత వచ్చేవారు అవే ప్రశ్నలు అడగగలిగేలా.