క్రీమ్ చీజ్ ఫ్రాస్టింగ్ మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి

కేక్ మీద పూసే ఈ క్రీమ్‌కి అన్నిటికంటే ముఖ్యం క్రీమ్ చీజ్. బ్రెడ్ మీద రాసుకోవడానికి డబ్బాలో వచ్చే మెత్తటి రకం వద్దు, అందులో తేమ ఎక్కువ. ఫుల్ ఫ్యాట్ ఉన్న గట్టి బ్లాక్ తీసుకోండి, విప్పగానే పైన నీళ్లు కనిపిస్తే టిష్యూతో అద్దేయండి.

బటర్ ముందే బయట పెట్టండి. వేలితో నొక్కితే గుంట పడాలి, జిడ్డుగా మెరవకూడదు. తొందరపడి మైక్రోవేవ్‌లో పెట్టారంటే, కరిగిన బటర్‌తో ఎంత కొట్టినా ఫ్రాస్టింగ్ నిలబడదు.

225 గ్రాముల చీజ్‌కి 115 గ్రాముల బటర్ చాలు. ఐసింగ్ షుగర్, అంటే మెత్తటి పొడి చక్కెర, జల్లించుకోండి.

అసలు పాడయ్యేది ఇక్కడే: ముందు బటర్, షుగర్ బాగా గిలకొట్టి, చీజ్ చివర్లో వేసి, కలిసీ కలవగానే బీటర్ ఆపేయాలి. ఇంకాస్త తిప్పితే ఇంకా నున్నగా వస్తుందని నేనొకసారి తిప్పుతూనే ఉన్నాను, చూస్తుండగానే గిన్నెలో మజ్జిగలా జారిపోయింది, చాలా బాధేసింది. కొంచెం పలచబడితే టెన్షన్ పడి షుగర్ గుమ్మరించకండి, తీపి తప్ప ఏమీ మిగలదు. గిన్నెతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.

కేక్ పూర్తిగా చల్లారిందా? అడుగున చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉన్నా ఆగండి. పూసిన కేక్‌ని 2 గంటలకు మించి బయట ఉంచకూడదు, కాబట్టి ఫ్రిజ్‌లో దానికి చోటు ఇప్పుడే ఖాళీ చేసుకోండి.