ఇంజిన్ కట్టాక వెంటనే సెల్ఫ్ కొట్టకండి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజిన్లు విప్పి కట్టేది ఎక్కువగా అప్పుడే. కట్టగానే స్టార్ట్ చేస్తే ఆయిల్ అందేలోపే కొత్త బేరింగులు గీసుకుపోతాయి.

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేసి, క్రాంకుని రాడ్డుతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. రాడ్డు బయటికి తీశాకే వైరు తగిలించాలి (ఇది మర్చిపోతే చెయ్యి విరుగుతుంది). డీజిల్ అందకుండా ఆపే స్టాప్ లివర్ లాగిపట్టి 10 సెకన్లు సెల్ఫ్, ఒక నిమిషం విరామం. ఆయిల్ గేజి ముల్లు లేచేదాకా ఇలా నాలుగైదుసార్లు. అప్పుడే డీజిల్ వదలండి. ఇంజిన్ అదుపుతప్పితే గాలి దారి మూయడానికి చెక్కముక్క దగ్గరుంచుకోండి, అరచెయ్యి మాత్రం అడ్డంపెట్టొద్దు.

చేత్తో తిప్పేటప్పుడే ఎక్కడైనా గట్టిగా ఆగిపోతే ఈ పద్ధతి పనికిరాదు. సిలిండర్లో నీళ్లుండొచ్చు, టైమింగ్ (వాల్వులు, పిస్టన్లు కలిసి కదిలే లెక్క) తప్పుండొచ్చు. బలవంతపెట్టకుండా ఇంజెక్టర్లు తీసి చూడండి.