సైకాలజీ డిగ్రీకి ఆప్షన్లు పెట్టే ముందు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచే ఫోన్లు మొదలవుతాయి. "మా దగ్గర సైకాలజీ ఉంది, ఈ రోజే చేరితే ఫీజు తగ్గిస్తాం" అంటారు. ఆ తొందరలో మాట ఇచ్చేయకండి.

మామూలు బీఏ, బీఎస్సీలో సైకాలజీ చదివినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన పైచదువు చదవాలి, ఆపైన అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. మూడేళ్లలోనే ఆస్పత్రిలో ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మొద్దు. నాలుగేళ్ల బీఎస్సీ క్లినికల్ సైకాలజీ ఉందంటే, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరూ ఆ కోర్సు పేరూ రెండూ ఉన్నాయేమో చూసుకోండి.

ఇంట్లో ఉండి దూరవిద్యలో చదివేద్దామంటే ఇక కుదరదు. 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) ఆపేసింది. ఇప్పటికీ ఎవరైనా దానికి డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి.

అన్నిటికంటే ముఖ్యం, కాలేజీకి స్వయంగా వెళ్లి ల్యాబ్ చూపించమని అడగడం. సైకాలజీకి ల్యాబేంటని మేమూ అనుకున్నాం. మా అక్క కూతుర్ని చేర్పిద్దామని ఒక కాలేజీకి వెళ్తే, బీరువా తాళం వెతికి తెరవడానికి అరగంట పట్టింది. లోపల మిర్రర్ డ్రాయింగ్ పరికరం ఉంది, అద్దం మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఇంకో కాలేజీలో అదే పరికరం బల్ల మీదే ఉంది. మేడమ్ మా పిల్లని కూర్చోబెట్టి నక్షత్రం గీయమన్నారు. చెయ్యి కనబడకుండా అడ్డు ఉంటుంది, అద్దంలో చూస్తూ గీయాలి. పైకి పోవాలనుకుంటే పెన్సిల్ కిందికి జారుతుంది. మూడోసారికి తప్పులు తగ్గాయి. ఎందుకు తగ్గాయో మేడమ్ చెబుతుంటే అది కళ్లార్పకుండా విన్నది. అక్కడే చేర్పించాం.

ఫైనలియర్ పిల్లల ప్రాక్టికల్ రికార్డులు కూడా రెండు మూడు తిరగేయండి. అందరి పుస్తకాల్లో ఒకే అంకెలుంటే ప్రయోగం జరగలేదనే అర్థం. సైకాలజీలో పీజీ చేసిన లెక్చరర్లు ఎందరున్నారు, అందరూ గెస్ట్ ఫ్యాకల్టీయేనా అన్నది ఆఫీసులో కాదు, సీనియర్లను అడగండి. తెలుగు మీడియం పిల్లలైతే పరీక్ష ఏ భాషలో రాయాలో కూడా కనుక్కోవాలి.

తెలంగాణలో దోస్త్, ఆంధ్రలో ఓఏఎండీసీ అనే ఆన్‌లైన్ అడ్మిషన్ల ద్వారా డిగ్రీ సీట్లు ఇస్తారు. ఢిల్లీ యూనివర్సిటీ ఆనర్స్ లాంటివాటికి మాత్రం 2022 నుంచి సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ ఫలితాల దాకా ఆగితే దాని దరఖాస్తు గడువు దాటిపోతుంది. ఇది తెలియక ఏడాది పోగొట్టుకున్న పిల్లలను చూస్తే బాధేస్తుంది.

ఆప్షన్లు మీ పిల్లలే, మీ ఎదుట, వాళ్ల ఫోన్‌తోనే పెట్టాలి. "ఓటీపీ చెప్పండి, మేమే పెట్టేస్తాం" అనేవాళ్లకు ఆ నంబరు ఇచ్చారంటే, మొదటి ఆప్షన్ వాళ్ల కాలేజీయే అవుతుంది. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి వెంటనే తిరిగివ్వాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. తర్వాత ఇస్తామంటే సరేననకండి, టెన్త్ మెమోతో సహా అన్నీ లెక్కపెట్టి చేతిలోకి తీసుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.