పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి లాగిన్ కావట్లేదా? ముందు హోస్ట్ చూడండి

మా టీమ్‌లో కొత్తగా చేరేవాళ్ల ఉబుంటు ల్యాప్‌టాప్‌లలో నాకు తరచూ కనిపించే ఎర్రర్ "పీర్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్". చూడగానే టెన్షన్ పడి పాస్‌వర్డ్ మార్చేస్తుంటారు. ఆగండి, ఇక్కడ సర్వర్ పాస్‌వర్డ్ అడగనే లేదు.

పైథాన్‌ని పోస్ట్‌గ్రెస్‌కి కలిపే లైబ్రరీ సైకోపీజీ. దానికి హోస్ట్ (సర్వర్ అడ్రస్) ఇవ్వకపోతే కనెక్షన్ యునిక్స్ సాకెట్ గుండా, అంటే అదే మెషీన్‌లోని ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారిలో వెళ్తుంది. అక్కడ పీర్ పద్ధతి చూసేది ఒక్కటే: మీ లినక్స్ యూజర్ పేరు, డేటాబేస్ యూజర్ పేరు ఒకటేనా అని. కోడ్‌లో హోస్ట్ దగ్గర లోకల్‌హోస్ట్ అని రాయండి. అప్పుడు కనెక్షన్ టీసీపీ (నెట్‌వర్క్) దారి పడుతుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది.

ఇప్పుడు "పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని వస్తే అది ముందడుగే. సుడోతో పోస్ట్‌గ్రెస్ యూజర్‌గా పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్ తెరిచి, ఆల్టర్ రోల్ కమాండ్‌తో మీ యూజర్‌కి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. కనెక్షన్‌ని యూఆర్ఎల్‌లా రాస్తుంటే పాస్‌వర్డ్‌లోని @ గుర్తును %40 అని రాయాలి. ఇది చాలామంది కళ్లు కప్పుతుంది. పోర్ట్ కూడా చూడండి: ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ మరో వెర్షన్ కూడా ఇన్‌స్టాల్ చేస్తే అది మామూలుగా 5432 కాకుండా 5433లో నడుస్తుంది, దాని యూజర్లు వేరు.

ఎవరిని ఏ పద్ధతిలో లోపలికి రానివ్వాలో రాసి ఉండే హెచ్‌బీఏ ఫైల్‌లో (pg_hba.conf) ట్రస్ట్ పెట్టి వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వద్దు, ఆ లైన్ కిందికొచ్చే ఎవరైనా పాస్‌వర్డ్ లేకుండా లోపలికి వచ్చేస్తారు. ఆ ఫైల్‌ను సర్వర్ పైనుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి లైన్ దగ్గరే ఆగుతుంది. అందుకే అందులో మార్పు చేయాల్సి వస్తే కొత్త లైన్‌ను పాతదాని పైన రాసి, సర్వీస్‌ని రీలోడ్ చేయండి. రీస్టార్ట్ అక్కర్లేదు.