డీజిలా, గ్యాసా? మోటార్‌హోమ్ కొనేముందు నడిపి తేల్చుకోవడం ఎలా

అమెరికాలో పెద్ద మోటార్‌హోమ్ (లోపల ఇల్లులా అమర్చిన బస్సు లాంటి బండి) కోసం ఏ డీలర్ లాట్‌కి వెళ్లినా మొదట చెవిన పడేది ఒకటే: డీజిల్ అయితే మెత్తగా పోతుంది, గ్యాస్ (మన లెక్కలో పెట్రోల్) అయితే ఊగుతుంది. అందులో సగమే నిజం. మెత్తదనం డీజిల్ వల్ల రాదు, బండి కింద స్ప్రింగుల బదులు ఉండే ఎయిర్ బ్యాగుల (గాలి సంచుల) వల్ల వస్తుంది, అందుకే ముందు కింద ఏముందో తెలుసుకుని తర్వాత ఇంజన్ సంగతి చూడండి.

క్లాస్ ఏ (బస్సు ఆకారంలో ఉండే పెద్ద రకం) గ్యాస్ బండ్లు దాదాపు అన్నీ ఫోర్డ్ ఎఫ్-53 ఛాసిస్ (ఇంజన్, చక్రాలు ఉండే కింది చట్రం) మీదే కడతారు. ఇంజన్ ముందు, హైడ్రాలిక్ బ్రేకులు, ముందూ వెనకా లీఫ్ స్ప్రింగులు, అంటే మన లారీల కింద కనిపించే ఇనప పట్టీల కట్టలే. డీజిల్ పుషర్ అనే రకానికి ఇంజన్ వెనక ఉంటుంది, ఛాసిస్ ఎక్కువగా ఫ్రైట్‌లైనర్‌దో స్పార్టన్‌దో, ఎయిర్ సస్పెన్షన్, ఎయిర్ బ్రేకులు. అదే సూపర్ సీ (ముందు భాగం లారీలా ఉండే రకం) తీసుకోండి, డీజిల్ ఇంజనే, కానీ చాలావాటికి ముందు పక్క లీఫ్ స్ప్రింగులే ఉంటాయి, పుషర్‌లా పోతుందనుకుని కొంటే నడుము చెప్తుంది.

స్టీరింగ్ పట్టుకునే ముందు రెండు పనులు చేయండి. మొదటిది వీల్‌బేస్ (ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి దూరం) లెక్క. వీల్‌బేస్‌ని మొత్తం పొడవుతో భాగించండి. 36 అడుగుల బండి అంటే 432 అంగుళాలు. వీల్‌బేస్ 242 అయితే 56 శాతం, 208 అయితే 48 శాతం. 55 దగ్గరో పైనో ఉంటే నేరుగా పోతుంది, 50 కంటే కిందకి వచ్చిందంటే వెనక వేలాడే భాగం ఎక్కువ, గాలి తగిలినప్పుడల్లా తోక ముందు భాగాన్ని పక్కకి లాగుతుంది. డీజిల్ అయినా గ్యాస్ అయినా ఈ లెక్కలో తేడా లేదు. ఫ్లోర్ ప్లాన్, టీవీ సైజు అడిగే జనం ఇది అడగరు, విచిత్రం.

రెండోది టైర్లలో గాలి. లాట్‌లో ఉన్న బండికి చాలాసార్లు అవసరానికి మించి కొట్టి ఉంచుతారు, అప్పుడు మంచి బండి కూడా ఎడ్లబండిలా కొడుతుంది. డ్రైవర్ సీటు పక్కన అతికించిన స్టిక్కర్ చూసి, గేజ్‌తో కొలిచి, రెండు బండ్లకీ స్టిక్కర్ ప్రకారం సరిచేయమనండి. లేకపోతే మీరు పోలుస్తున్నది బండ్లని కాదు, గాలిని.

ఇక నడపడం. ఒకే రోజు, ఒకే రూట్‌లో రెండూ నడపండి, ఊళ్లో రెండు మలుపులు తిప్పి తెచ్చేస్తే ఏమీ తెలియదు. రూట్‌లో అతుకులున్న పాత కాంక్రీట్ హైవే, కనీసం 65 మైళ్ల వేగం, ఒక ఎత్తు, ఒక దిగుడు ఉండాలి. అతుకుల మీద రేడియో ఆపేసి అల్మరా తలుపుల చప్పుడు వినండి. గ్యాస్ బండిలో ప్రతి అతుకూ టక్ టక్‌మని సీటులోకి వస్తుంది, ఎయిర్ బ్యాగుల మీద అదే అతుకు ఒక మెత్తటి ఊపుగా వచ్చి పోతుంది.

అసలు పరీక్ష మాత్రం 18 చక్రాల ట్రక్కు మిమ్మల్ని దాటినప్పుడే. వెనక నుంచి వస్తుండగానే గాలి మిమ్మల్ని రోడ్డు అంచు వైపు నెడుతుంది, ముందుకి దాటాక దాని వైపు లాగుతుంది. చేతులు వదులుగా పెట్టి ఎన్నిసార్లు స్టీరింగ్ సరిచేయాల్సి వచ్చిందో గమనించండి. ఒక్కసారి సర్దితే చాలు అనిపిస్తే మంచి బండి, దాటేలోపు మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పాల్సి వస్తే టెక్సాస్‌లో అమరిల్లో దగ్గర ఐ-40 హైవే మీద గాలిరోజు మీ భుజాలు పడిపోతాయి. పుషర్లు అన్నీ ఇందులో పాసవుతాయనుకోకండి, బరువంతా వెనక ఉండి ముందు తేలికగా ఉన్నవి కూడా అటూ ఇటూ పోతాయి.

ఎత్తు ఎక్కేటప్పుడు తేడా దాచినా దాగదు. ఫోర్డ్ 7.3 లీటర్ల వీ8కి టార్క్ (తిప్పే బలం) 468 పౌండ్-ఫీట్, అది 3,900 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, కాబట్టి ఇంజన్ అరుస్తుంది, ఆ అరుపు మీ కాళ్ల పక్కనే. 360 హార్స్‌పవర్ కమిన్స్ బీ6.7 డీజిల్ ఇంజన్‌కి 800 పౌండ్-ఫీట్, అదీ అందులో సగం కంటే తక్కువ ఆర్‌పీఎంలోనే. డెన్వర్ నుంచి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్‌కి వెళ్తే 11,000 అడుగులు దాటుతారు, లోపలికి గాలి నెట్టే టర్బో లేని గ్యాస్ ఇంజన్‌కి అక్కడి పలచటి గాలిలో ఊపిరి అందదు. దిగేటప్పుడు గ్యాస్ బండిలో టో-హాల్ మోడ్ నొక్కండి, గేరు తగ్గి ఇంజనే బండి వేగాన్ని అదుపులో పెడుతుంది, గోల చేస్తుంది కానీ టెన్షన్ పడక్కర్లేదు. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ (పొగ బయటికి పోయే దారిని బిగించి బండిని నెమ్మదింపజేసేది) వేస్తే కాలు బ్రేక్ మీద పెట్టే పని బాగా తగ్గుతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు తిప్పడానికే కొంటున్నారా? అయితే ఎవరినైనా వెనక సోఫాలో కూర్చోబెట్టి నడపండి, మీరూ ఒకసారి కూర్చోండి. గ్యాస్‌లో చప్పుడు ముందు, పుషర్‌లో వెనక బెడ్‌రూమ్ కింద. వెనక ఇరుసు దాటి కూర్చున్నవాళ్లకి గుంతల దెబ్బ రెండింట్లోనూ ఎక్కువే, కాకపోతే గ్యాస్‌లో మరీ ఎక్కువ.

గ్యాస్ నచ్చి ఊగడం నచ్చకపోతే వదిలేయక్కర్లేదు. ముందు సామాను, నీళ్లు నింపి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద ఇరుసుల బరువు తూచి, టైర్ కంపెనీ పట్టిక ప్రకారం గాలి పెట్టండి, పట్టిక కంటే తగ్గించొద్దు. తర్వాత చక్రాల అలైన్‌మెంట్. తర్వాత ఎఫ్-53 స్వే బార్‌కి (బండి ఒరగకుండా పట్టే కడ్డీకి) రెండో రంధ్రం ఉంటే లింకు లోపలి దానికి మార్పించండి, ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, మలుపుల్లో ఒరగడం తగ్గుతుంది. అప్పటికీ చాలకపోతే మంచి షాక్ అబ్జార్బర్లు, వెనక ట్రాక్ బార్ (ఇరుసు పక్కకి జరగకుండా పట్టే కడ్డీ). ఇవన్నీ చేసినా డీజిల్ పుషర్ మెత్తదనం రాదు, కానీ భుజాల నొప్పి పోతుంది, నాకు తెలిసి చాలామందికి అది చాలు.

ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు, 34 అడుగుల లోపు, టెక్సాస్ లాంటి చదును నేల అయితే నేను గ్యాసే తీసుకోమంటాను. వెనక పెద్ద కారు లాగుతూ కొండల్లో వారాల తరబడి తిరిగేవాళ్లు పుషర్ చూడండి, సర్వీసు బిల్లు చూసి మాత్రం ఉలిక్కిపడకండి. అడ్వాన్స్ ఇచ్చేముందు లైసెన్స్ సంగతి కనుక్కోండి: టెక్సాస్‌లో బండి జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 26,000 పౌండ్లు దాటితే, కాలిఫోర్నియాలో పొడవు 40 అడుగులు దాటితే, మామూలు లైసెన్స్ సరిపోదు, నాన్-కమర్షియల్ క్లాస్ బీ (సొంత వాడకానికి పెద్ద బండి లైసెన్స్) కావాలి.