సినిమా చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: నీమో మాట వినలేదా?

ఈసారి తాబేళ్ల దగ్గరికి వెళ్దామనుకున్నాను. క్రష్, స్క్వర్ట్ అనే తండ్రీకొడుకుల మీద పాఠం సిద్ధంగానే ఉంది. కానీ మూడో పాఠానికి మీరు పంపిన జవాబులు చదివాక దాన్ని పక్కన పెట్టాను. ‘ఫైండింగ్ నీమో’ చూసి, అందులో మీకు దొరికిన ఒక్క విషయాన్ని ఒక్క వాక్యంలో రాయమన్నాను కదా. చాలామంది ఒకటే రాశారు: పెద్దల మాట వినకపోతే ప్రమాదంలో పడతాం. కొందరు అక్కడితో ఆగకుండా, సినిమా అయిపోగానే పిల్లల్ని కూర్చోబెట్టి ఆ వాక్యం వాళ్ల నోటితోనే చెప్పించారు. ఒక తల్లి ఉత్తరం నన్ను బాగా బాధపెట్టింది. వాళ్ల అబ్బాయికి ఎంతో ఇష్టమైన సినిమా అది. ఇప్పుడు పెడితే లేచి పక్కగదిలోకి వెళ్లిపోతున్నాడట.

అందుకని ముందు ఇది సరిచేసుకుందాం. తాబేళ్లు ఎక్కడికీ పోవు.

కథంతా మళ్లీ చెప్పను. నీమో అనే పిల్ల చేప మనుషుల చేతికి చిక్కితే, వాడి నాన్న మార్లిన్, డోరీ అనే మరో చేప తోడుగా వెతుక్కుంటూ వెళ్తాడు. ఈ యానిమేషన్ సినిమా 2003లో పిక్సార్ తీసింది, ఆండ్రూ స్టాంటన్ దర్శకుడు, నిడివి 100 నిమిషాలు. ఈ పాఠానికి అంతకంటే వివరాలు అక్కర్లేదు. కావలసింది రిమోట్.

నీమో బడికి వెళ్లిన మొదటి రోజు దృశ్యం పెట్టండి. పగడపు దిబ్బ అంచుకి పిల్లలు నలుగురూ చేరతారు. అవతల లోతైన సముద్రం, దూరంగా ఒక పడవ. మిగతా ముగ్గురూ ఒకరిని మించి ఒకరు కాస్త కాస్త ముందుకు ఈది వెనక్కి వస్తుంటారు. నువ్వెంత దూరం వెళ్లగలవని నీమోని అడుగుతారు. అక్కడ ఆపండి. నీమో ఏమంటాడు? అది మంచిది కాదని మా నాన్న చెప్పాడు అంటాడు.

అంటే, మాట విన్నాడు. స్నేహితుల ముందు చిన్నబోతానని తెలిసినా విన్నాడు.

ఇప్పుడు వదలండి. సరిగ్గా అప్పుడే మార్లిన్ వచ్చి పడతాడు. కొడుకు లోతులోకి వెళ్లబోతున్నాడని తనే అనుకుని, అందరి ముందూ తిడతాడు. నేను వెళ్లడం లేదు నాన్నా అని నీమో చెబుతాడు. వాడికి భయం, వాడు వెళ్లేవాడు కాదు అని తోటిపిల్లలు కూడా చెబుతారు. మార్లిన్ వినడు. నీకు సరిగా ఈత రాదంటాడు. చివరికి, ఇవన్నీ నువ్వు చేయగలననుకుంటావు గానీ చేయలేవు నీమో, అనేస్తాడు. నువ్వంటే నాకు అసహ్యం అని నీమో అంటాడు. ఆ తర్వాత, తండ్రి టీచర్‌తో మాట్లాడుతుండగా, నీమో పడవ వైపు బయల్దేరతాడు, అక్కడే మనిషి చేతికి చిక్కుతాడు.

వరస చూశారా? మాట వినడం ముందు, తిట్టు తర్వాత, మొండితనం ఆఖర్న. మీరు రాసిన వాక్యంలో మొదటి రెండూ లేవు, మూడోది ఒక్కటే ఉంది. సినిమాలో ఉన్నదాన్ని వదిలేసి, మన ఇంట్లో రోజూ అనే మాటని దానికి అంటించాం. ఈ అలవాటు మీద నాకు కోపం రావడానికి కారణం ఉంది. పిల్లలు సినిమాని మనకంటే శ్రద్ధగా చూస్తారు. నీమో మొదట ఆగిపోయాడని వాళ్లకి తెలుసు. వాడి మాట నాన్న నమ్మలేదని కూడా తెలుసు. అలాంటి పిల్లాడితో, చూశావా, నాన్న మాట వినకపోతే ఏమైందో అన్నామంటే, మనం కూడా ఆ దిబ్బ అంచు దగ్గర మార్లిన్ మాట్లాడినట్టే మాట్లాడుతున్నాం. పక్కగదిలోకి వెళ్లిపోయిన ఆ అబ్బాయి తప్పేమీ చేయలేదు.

ఇది చదివి వెంటనే తండ్రిదే తప్పు అని రాయకండి. తీర్పు ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరి మీద వేసినంత మాత్రాన సినిమా చదివినట్టు కాదు. మార్లిన్ భయానికి కారణం మొదటి నిమిషాల్లోనే కనిపిస్తుంది. బారకుడా అనే వేటచేప దాడిలో భార్య కోరల్ పోయింది, నాలుగు వందలకు పైగా గుడ్లు పోయాయి, ఒక్కటే మిగిలింది. స్టాంటన్ మొదట ఈ ఘట్టాన్ని ముక్కలు చేసి, సినిమా పొడుగునా గతంగా చూపిద్దామనుకున్నాడు. అలా చూస్తే మార్లిన్ ఊరికే సతాయించే తండ్రిలా, భరించలేని మనిషిలా అనిపించాడు. అందుకే మొత్తాన్నీ తెచ్చి మొదట్లో పెట్టారు. మార్లిన్ మాటలేవీ మారకపోయినా, అవి మన చెవికి చేరే తీరు మారిపోయింది. అయిదేళ్ల లోపు పిల్లలుంటే ఆ ఆరంభం వాళ్లకి చూపించకండి. మీరు మాత్రం తప్పకుండా చూడండి.

మరి పాఠం ఎక్కడ వెతకాలి? నేను వాడే దారి ఒకటే. ఒకే రకమైన ఇరకాటం సినిమాలో రెండుసార్లు ఎక్కడ వచ్చిందో పట్టుకుంటాను. మొదటిసారి ఆ పాత్ర ఏం చేసింది, రెండోసారి ఏం చేసింది అని పక్కపక్కన పెట్టి చూస్తాను. ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాలోనే సినిమా చెప్పదలచుకున్నది ఉంటుంది. పాత్రలు గట్టిగా చెప్పే సూక్తుల్ని నేను లెక్కలోకి తీసుకోను. సొరచేపల సమావేశం గుర్తుందా? చేపలు స్నేహితులు, తిండి కాదు అని బ్రూస్ అనే సొరచేప ప్రతిజ్ఞ చేస్తాడు. డోరీ ముక్కు నుంచి కాస్త రక్తం వాసన తగలగానే అదే బ్రూస్ వాళ్ల వెంటపడతాడు. నోటితో అన్నదానికీ చేసిందానికీ ఎంత దూరమో సినిమాయే చూపించింది.

ఇప్పుడు మార్లిన్ అన్న ఆ మాటని పట్టుకోండి: చేయగలననుకుంటావు గానీ చేయలేవు నీమో. ఇది సినిమాలో ఇంకోసారి వస్తుంది. చాలామంది దాటేసి ఉంటారు. తిమింగలం నోట్లో ఇరుక్కున్నప్పుడు, నాకు తిమింగలం భాష వచ్చు అని డోరీ అంటుంది. మార్లిన్ విసిగిపోయి అదే మాట అంటాడు, చివర్న పేరుతో సహా. ఎదురుగా ఉన్నది డోరీ, నోట్లోంచి వచ్చిన పేరు నీమో. పొరపాటున వచ్చిన ఆ పేరు వల్ల, ఇన్నాళ్లూ అతను ఎవరితో వాదిస్తున్నాడో బయటపడుతుంది. కాసేపటికి డోరీ, ఇక పట్టు వదలాలి, అంతా బాగానే ఉంటుంది అని తిమింగలం అంటోందని చెబుతుంది. ఏమీ కాదని నీకెలా తెలుసు అని మార్లిన్ అడుగుతాడు. నాకు తెలియదు అంటుంది డోరీ. అయినా వదిలేస్తాడు.

ఇక్కడ తొందరపడి, ఎదుటివారిని నమ్మడమే పాఠం అని రాసేవాళ్లుంటారు. ఆగండి. డోరీ చెప్పిన ఆ మాట అతనికి సరిపోలేదు. ఏమీ కాదని నాకు తెలుసు అని ఆమె చెప్పి ఉంటే వదలడం తేలికయ్యేది. తెలియదని చెప్పిన తర్వాతే వదిలాడు. పిల్లల్ని తొలిసారి హాస్టల్లో చేర్పించి వచ్చే తల్లిదండ్రుల్ని అడగండి, ఇంత ఖచ్చితంగా ఏ ఉపన్యాసమూ ఆ పరిస్థితిని చెప్పదు. వార్డెన్ ఎంత ధైర్యం చెప్పినా లోపల టెన్షన్ ఉంటూనే ఉంటుంది.

ఇక వల. దిబ్బ అంచు దగ్గర దృశ్యానికి అసలైన జంట ఇదే, కాబట్టి రెండూ ఒకే రోజు చూడండి. డోరీ చేపలతో పాటు వలలో చిక్కుకుంటుంది. లోపలికి వెళ్లి అందరినీ కిందికి ఈదమంటానని నీమో అంటాడు. మళ్లీ ప్రమాదం వైపు వెళ్తానంటున్న కొడుకు, మళ్లీ అడ్డుపడే తండ్రి. మళ్లీ పోగొట్టుకోలేను అంటాడు మార్లిన్. నేను చేయగలను నాన్నా అంటాడు నీమో. అప్పుడు మార్లిన్, నిజమే, నువ్వు చేయగలవని నాకు తెలుసు అంటాడు. మొదటి దృశ్యంలో అన్నదానికి ఇది అక్షరాలా ఎదురు జవాబు.

మీలో కొందరు ‘పిల్లల్ని వదిలేయడం నేర్చుకోవడం’ అని రాశారు. మిగతా వాక్యాలకంటే నయం, కానీ వలని సరిగా చూడలేదు. మార్లిన్ వదిలేసి ఊరుకోలేదు. లోపల నీమో, బయట మార్లిన్, ఇద్దరూ కలిసి చేపలన్నిటికీ కిందికి ఈదమని చెబుతూనే ఉంటారు. కొడుకు ఆలోచనని తండ్రి తన గొంతుతో మోస్తాడు. ముందు కొడుకు పనికి అడ్డం నిలబడ్డాడు, ఇప్పుడు అదే పనికి పక్కన నిలబడ్డాడు. భయం తగ్గిందని సినిమా ఎక్కడా చెప్పదు. వల తెగాక నీమో కదలకుండా పడి ఉంటాడు, కాసేపు మనకీ గుండె ఆగినట్టవుతుంది. ప్రమాదం నిజమైనదే. అది కూడా చూపించి మరీ చెప్పినందుకే ఈ సినిమా మీద నాకంత గౌరవం.

ఇంకో జంటని మీకే వదులుతున్నాను, సూచన మాత్రం ఇస్తాను. నీమోని పట్టుకెళ్లిన దంతవైద్యుడి అక్వేరియంలో వాడు గొట్టంలో ఇరుక్కుంటే, ఎవరూ ముట్టుకోవద్దు, వాడే వస్తాడు అంటాడు అక్కడి చేపల నాయకుడు గిల్. నీమో వస్తాడు. తర్వాత గిల్ వేసిన పథకంలోనే నీమో ఫిల్టర్ ఫ్యాన్‌లో పడి చావబోతాడు. ఈ రెండూ పక్కపక్కన పెడితే గిల్ ఆదర్శ గురువు అనే మాట నిలవదు.

పిల్లలతో చూసేవాళ్లకి ఒక మాట. సినిమా అయ్యాక ఏం నేర్చుకున్నావు అని అడగకండి. మొదటిసారి అసలేమీ అడగకండి. మర్నాడో ఎల్లుండో, అన్నం తినేటప్పుడు, దిబ్బ దగ్గర నీమో ఏం చెప్పాడో నీకు గుర్తుందా అని మామూలుగా అడగండి. జవాబు రాకపోతే వదిలేయండి. నేనైతే రెండోసారి సౌండ్ తీసేసి చూస్తాను. మాటలు వినపడకపోతే ఎవరు ఎవరికి అడ్డం వస్తున్నారో, ఎవరు వెనక్కి తగ్గుతున్నారో స్పష్టంగా కనిపిస్తుంది. ఈ సినిమాకి అది బాగా పనికొస్తుంది, ఎందుకంటే మార్లిన్ ఎక్కువ మాట్లాడతాడు.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను, వారం సరిపోదు, రెండు వారాలు తీసుకోండి. జెల్లీఫిష్‌ల ముందు వచ్చే అగాధం దృశ్యం చూడండి. అగాధం లోపలి నుంచే వెళ్లమని చేపల గుంపు డోరీకి చెబుతుంది. ఆమెకి ఆ సంగతి మరపున పడిపోతుంది గానీ, లోపలి నుంచే వెళ్లాలని మనసుకి అనిపిస్తూ ఉంటుంది. మార్లిన్ ఆమె దృష్టి మళ్లించి పైనుంచి తీసుకెళ్తాడు. ఈ దృశ్యానికి తిమింగలం నోటి దృశ్యాన్ని జంటగా పెట్టి నాలుగు వాక్యాలు రాయండి. రెండు వాక్యాలు అగాధం దగ్గర ఎవరు ఏం చేశారో, రెండు తిమింగలం దగ్గర ఎవరు ఏం చేశారో. ఏ వాక్యమూ ‘చేయాలి’, ‘వినాలి’ లాంటి మాటతో గాని ‘కూడదు’తో గాని ముగియకూడదు. అయిదో వాక్యం రాయాలనిపిస్తే కాగితం మడిచి పెట్టేయండి.

ఆ నాలుగు వాక్యాలూ చేతిలో ఉన్నవాళ్లతోనే వచ్చే పాఠంలో తాబేళ్ల దగ్గరికి వెళ్తాను. పిల్లలు సిద్ధమయ్యారని ఎలా తెలుస్తుందని మార్లిన్ క్రష్‌ని అడిగే ప్రశ్న అక్కడే వస్తుంది. అగాధం దగ్గర మార్లిన్ ఏం చేశాడో చూడకుండా క్రష్ ఇచ్చే జవాబు అర్థం కాదు.