కడప ఇంటి హాలులో విక్టోరియా కాలపు అలంకరణ

1837 నుంచి 1901 వరకు సాగిన విక్టోరియా రాణి పాలనలో ఇంగ్లండులోని కలిగినవారి ఇళ్లు ముదురు రంగులతో, నగిషీ చెక్కిన కలపతో, పువ్వుల వాల్‌పేపరుతో, బరువైన తెరలతో నిండి ఉండేవి. చలిదేశంలో పుట్టిన ఆ పద్ధతిని, ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే కడపలో ఉన్నదున్నట్టు దించుకుంటే ఇంట్లో ఉక్క పెరుగుతుంది, దుమ్ము పేరుకుంటుంది. అందువల్ల ఇల్లంతా కాక, హాలు ఒక్కదానినే ఎంచుకుని నేలతో మొదలుపెట్టడం మేలు.

ఆ కాలపు ఇళ్ల నడవల్లో నలుపు తెలుపు గళ్ల నేల తరచుగా కనిపించేది. దానికి కావలసిన నల్లని కడప బండ మనకు ఊళ్లోనే దొరకడం నిజంగా అదృష్టం. బండను అడుగు చదరంగా కోయించి, అదే కొలత గల తెల్ల పాలరాతి పలకలతో కలిపి, గళ్లు గోడకు ఏటవాలుగా వచ్చేలా పరిపించి, చుట్టూ నల్లబండతోనే జానెడు అంచు కట్టించండి. రెండు రాళ్ల మందం ఒక్కటిగా ఉండదు కాబట్టి, పలకలన్నీ ఒకే మట్టానికి వచ్చేలా అడుగున మాలు సర్దమని మేస్త్రీకి గట్టిగా చెప్పాలి. లేకపోతే అంచులు కాలికి తగులుతాయి. కడప బండ సున్నపురాయి జాతిది. నిమ్మరసమో, చింతపండు పులుసో, యాసిడ్డో పడితే అక్కడ మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. పాలరాయిదీ అదే గుణం. తుడవడానికి నీళ్లు, కొద్దిగా సబ్బు చాలు.

గోడకు నేల నుంచి మూడడుగుల ఎత్తున టేకు బీడింగు అడ్డంగా కొట్టించి, దాని కింద ముదురాకుపచ్చ గానీ మెరూన్ గానీ, పైన మీగడ రంగు వేయించండి. పైభాగం లేతగా ఉంటే పదడుగుల కప్పు నెత్తిమీదికి వచ్చినట్టు అనిపించదు. ఆ కాలపు ఇంగ్లిష్ నమూనాల చిత్రకారుడు విలియం మోరిస్ గీసిన ఆకులు, తీగల నమూనా వాల్‌పేపరు మీద మనసుంటే, చెమ్మ తగలని ఒక్క గోడకే అంటించండి.

తెరలకు వెల్వెట్ వద్దు, కలంకారీ నూలుగుడ్డ చాలు. ఇంగ్లండులో వాడుకలోకి వచ్చిన చింట్స్ అనే పూలగుడ్డకు కోరమాండల్ తీరపు కలంకారీ ఒక మూలం కనుక, ఇందులో రాజీపడేది ఏమీ లేదు. పాతబడిన ధర్మవరం పట్టుచీర జరీ అంచును దిండు గలీబులకు కుట్టించవచ్చు.

తాతలనాటి పడక్కుర్చీ, అద్దాల బీరువా ఉంటే వాటిపై సన్‌మైకా అతికించకుండా లక్కపాలిష్ పట్టించండి. ట్యూబులైటు తెల్లవెలుగులో ముదురు రంగులు పాలిపోయి కనిపిస్తాయి కాబట్టి, ఇత్తడి స్టాండుల్లో 2700 కెల్విన్ (వెలుగు రంగును చెప్పే కొలత) పసుపు ఎల్‌ఈడీ బల్బులు బిగించుకోవాలి.